ఇంటికో గుర్తు, విలువకో గుర్తు

పిల్లలూ! ఇళ్ళకు నంబర్లు లేని ఊళ్ళో ఒక ఇంటిని వెతకవలసివస్తే మీరేం చేస్తారు? “వేపచెట్టున్న ఇల్లెక్కడండీ? నీలం తలుపుల ఇల్లెక్కడండీ?” అని అడుగుతూ పోతారు గదా! ఒకప్పుడు పెద్ద పట్నాల్లో కూడా జనం ఇలాగే వెతుక్కునేవారు. అటువంటి పట్నం ఒకటి ఐరోపాలో, నెదర్లాండ్సు దేశంలో వున్నది. దాని పేరు ఆమ్‌స్టర్‌డాం.

అక్కడ పాత ఇళ్ళ గోడలమీద వున్న గుర్తులను చూద్దామని నేను వెళ్ళాను. తీరా వెళ్ళాక, అదే ఊళ్ళో పుట్టిన ఒక కంప్యూటరు భాష తన సామానుకు గుర్తులు ఎలా పెట్టుకుంటుందో కూడా తెలుసుకుని వచ్చాను. రెండు కథలూ ఒకటే కథ. రండి, చెబుతాను.

ఆమ్‌స్టర్‌డాం నేల మెత్తటిది. కాస్త తవ్వితే చాలు, నీళ్ళూ బురదా తగులుతాయి. అందుచేత అక్కడివాళ్ళు పొడుగాటి కొయ్యదుంగలను నేలలోకి దిగగొట్టి, వాటి తలలమీద ఇళ్ళు కట్టుకున్నారు. ఊరినడుమ వున్న రాజభవనం కింద ఇటువంటి దుంగలు 13,659 వున్నాయట. ఈ లెక్క గుర్తు పెట్టుకోవటం బహు తేలిక. సంవత్సరానికి 365 రోజులు గదా! దానికి ముందు 1, వెనక 9 చేర్చండి, అంతే.

ఊరి చుట్టూ అర్ధచంద్రాకారంగా, ఒకదాని వెనక ఒకటిగా కాలవలు వున్నాయి. ఒకటి పెద్దమనుషుల కాలవ, ఒకటి చక్రవర్తి కాలవ, ఒకటి రాకుమారుడి కాలవ. వీటిని 17వ శతాబ్దంలో తవ్వారు. కాలవ గట్లమీద ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, సన్నగా, ఎత్తుగా నిలబడి వుంటాయి. లోపల మెట్లు నిచ్చెనల్లాగా నిటారుగా వుంటాయి. మరి బరువైన సామాను పైకి ఎలా ఎక్కించేవారు? ప్రతి ఇంటి నెత్తినా ఒక దూలం ముందుకు పొడుచుకు వచ్చి వున్నది. దాని చివర ఒక కొక్కెం. పడవలో వచ్చిన మూటను తాడు కట్టి పైకి లాగి, కిటికీలోనుంచి లోపలికి తీసుకునేవారు.

ఆ మూటల్లో మన మూటలు కూడా వున్నాయి! డచ్చివారి తూర్పు ఇండియా కంపెనీ 1602లో ఏర్పడింది. ఆ తరవాత కొద్ది సంవత్సరాలకే వాళ్ళు మన మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టారు. మన నేతగాళ్ళు నేసిన బట్టలూ, అద్దకం బట్టలూ ఓడలెక్కి ఈ దేశానికి వచ్చాయి. మన తీరంలో అటువంటి కంపెనీల దొరలకు తెలుగు రాదు. నేతగాళ్ళకు వాళ్ళ భాష రాదు. అందుకని మధ్య దుబాసీలు వుండేవారు. వీరి మాట వారికి, వారి మాట వీరికి చెప్పటం దుబాసీ పని. పిల్లలూ, ఈ దుబాసీని జ్ఞాపకం పెట్టుకోండి. మళ్ళీ వస్తాడు.

నన్ను ఊరంతా తిప్పినవాడు నా మేనల్లుడు. వాడు అక్కడ కంప్యూటరు ఉద్యోగంలో వున్నాడు. మొదటిరోజునే నన్ను సింట్ లూసియెన్ అనే ఇరుకు సందులోకి తీసుకుపోయాడు. ఆ సందులో, పూర్వం అనాథ బాలల ఆశ్రమంగా వున్న పెద్ద భవనం గోడ వున్నది. గోడనిండా చెక్కిన రాతిపలకలు, చాలావాటికి రంగులు! ఒక్కొక్క పలకమీద ఒక్కొక్క బొమ్మ.

“ఇవేమిట్రా?” అన్నాను.

“ఇళ్ళ గుర్తులు మామయ్యా. ఇళ్ళకు నంబర్లు లేని రోజుల్లో ప్రతివాడూ తన ఇంటి ముందు గోడలో ఇలాంటి పలక పెట్టించుకునేవాడు. కొందరు తమ పేరుకు సంబంధించిన బొమ్మ, కొందరు తమ వృత్తికి సంబంధించిన బొమ్మ. చదువురానివాడు కూడా బొమ్మ చూసి ఇల్లు పోల్చుకునేవాడు. 1790లలో ఫ్రెంచివారి పెత్తనం కింద ఇళ్ళకు నంబర్లు వచ్చాయి. ఇళ్ళు కొన్ని పడగొట్టినప్పుడు పలకలు పారెయ్యకుండా తెచ్చి ఇక్కడ అతికించారు.”

“నంబరు వచ్చాక పలకతో పనేముంది?” అన్నాను.

వాడు నవ్వాడు. “నంబరు ఇల్లు ఎక్కడున్నదో చెబుతుంది. లోపల ఏమున్నదో చెబుతుందా? అది చెప్పేది పలక. ఈ సంగతి రేపు నీకు ఇంకోచోట చూపిస్తాను” అన్నాడు.

మర్నాడు రైలెక్కి సైన్స్ పార్క్ అనే స్టేషనులో దిగాం. ఆ ప్రాంతం పేరు వాటర్‌గ్రాఫ్స్‌మేర్. ఒకప్పుడు అది చెరువు. 1629లో నీరంతా తోడి ఎండగట్టారు. ఇప్పటికీ ఆ నేల సముద్రమట్టానికి సుమారు 5 మీటర్లు కిందనే వున్నది. మనం చెరువు అడుగున నడుస్తున్నామన్నమాట!

అక్కడ దేశంలోని పెద్ద గణిత, కంప్యూటరు పరిశోధనాలయం వున్నది. 1946లో గణిత కేంద్రం అనే పేరుతో పుట్టింది. 1983 నుంచి దానిని సి.డబ్ల్యు.ఐ. అంటున్నారు. ఆ ఆలయంలో గీడో వాన్ రోసుమ్ అనే యువకుడు పనిచేసేవాడు. 1989 క్రిస్మసు సెలవులకు ఆఫీసు మూసేశారు. ఇంట్లో కంప్యూటరు వున్నది. చేతిలో వేరే పని లేదు. కాలక్షేపానికి ఒక కొత్త కంప్యూటరు భాష రాయటం మొదలుపెట్టాడు. 1991 ఫిబ్రవరిలో దానిని లోకానికి పంచిపెట్టాడు. దాని పేరు పైథాన్. పైథాన్ అంటే కొండచిలువ అని మీకు తెలుసు. కాని గీడో ఆ పేరు పెట్టింది పామును చూసి కాదు, మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్యనాటికల మీద ఇష్టంకొద్దీ! ఈనాడు ప్రపంచంలో లక్షలమంది ఆ భాష వాడుతున్నారు. మన స్కూళ్ళలో కూడా కొందరు పిల్లలు దానిని నేర్చుకుంటున్నారు.

ఇక మన దుబాసీ వచ్చాడు. కంప్యూటరుకు అంకెల భాష తప్ప వేరే భాష రాదు. మనకు ఆ అంకెల భాష రాదు. మనం పైథాన్‌లో రాసిన దానిని చదివి, అప్పటికప్పుడు కంప్యూటరుచేత చేయించే ప్రోగ్రాము ఒకటి మధ్య వుంటుంది. దానిని ఇంటర్‌ప్రెటర్ అంటారు. అంటే దుబాసీయే.

ఈ దుబాసీకి ఒక చిక్కు వున్నది. అదేమిటో చూడండి.

కంప్యూటరు మెమరీ అంటే ఒక పొడుగాటి వీధి అనుకోండి. అటూ ఇటూ కనుచూపుమేర గదులు. ప్రతి గదికీ నంబరు వున్నది. గదిని బైటు అంటారు. ఒక గదిలో 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె పడుతుంది. పెద్ద విలువ కావాలంటే పక్కపక్క గదులు కలుపుకోవాలి. ఏ గదిలో చూసినా అంకెలే. అక్షరాలు లేవు, బొమ్మలు లేవు, పాటలు లేవు.

మన తెలుగు “అ” అక్షరానికి యూనికోడు అనే ప్రపంచ పట్టికలో 3077 అని నంబరు ఇచ్చారు. సరే, దుబాసీ ఒకచోటికి వెళ్ళి చూస్తే అక్కడ 3077 అని వున్నది. అది 3,077 రూపాయలా? లేక “అమ్మ” అనే మాటలో మొదటి అక్షరమా? గదిని ఎంతసేపు చూసినా తెలియదు. రెండింటికీ అంకె ఒకటే! ఇంటి నంబరు తెలిసినా లోపల ఏమున్నదో తెలియకపోవటమంటే ఇదే.

“అందుకని గీడోగారి దుబాసీ ప్రతి ఇంటికీ పలక కట్టాడు మామయ్యా” అన్నాడు నా మేనల్లుడు. మేము ఒక బల్లమీద కూర్చున్నాం. వాడు కాగితంమీద మూడు అరల ఇల్లు ఒకటి గీశాడు.

“ఇది 3.5 అనే విలువ వుండే ఇల్లు. మొదటి అరలో ఒక లెక్క వుంటుంది. ఈ ఇంటిని ఎంతమంది పట్టుకుని వున్నారు అని. రెండో అరలో పలక వుంటుంది. మూడో అరలో అసలు విలువ, 3.5. మామూలు కంప్యూటరులో ఒక్కొక్క అర 8 బైట్లు. మొత్తం 24.”

“పలకమీద ఏం బొమ్మ వుంటుంది?”

“బొమ్మ కాదు, ఇంకొక ఇంటి నంబరు వుంటుంది. అది ఆ జాతికి పెద్ద ఇల్లు. దశాంశ సంఖ్యలన్నిటికీ ఒక పెద్ద ఇల్లు, మాటలన్నిటికీ ఒక పెద్ద ఇల్లు. ఆ పెద్ద ఇంట్లో ఒక పుస్తకం వుంటుంది. మా జాతివాళ్ళను ఎలా కూడాలి, ఎలా పోల్చాలి, ఎలా అచ్చువెయ్యాలి అని అందులో రాసి వుంటుంది.”

పిల్లలూ, ఇప్పుడు దుబాసీ వెంట నడిచి చూడండి. ప్రోగ్రాములో “ధర + కూలి” అని వున్నది. దుబాసీ ముందు “ధర” అనే పేరు పట్టుకుని, దాని దారం వెంట ఇంటికి వెళతాడు. రెండో అర చూస్తాడు. అక్కడున్న నంబరు ప్రకారం పెద్ద ఇంటికి వెళతాడు. పుస్తకంలో కూడిక పుట తీస్తాడు. “సంఖ్యలైతే ఇలా కూడు” అని వుంటే కూడతాడు. అదే మాటల ఇల్లయితే “ఒకదాని పక్కన ఒకటి అతికించు” అని వుంటుంది. అందుకే 2 + 3 అంటే 5 వస్తుంది. “రామ” + “చిలక” అంటే “రామచిలక” వస్తుంది. గుర్తు ఒకటే, పని వేరు. ఏ పని చెయ్యాలో చెప్పింది పలక.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. పలక వున్నది ఇంటికి, పేరుకు కాదు. “ధర” అనే పేరు గాలిపటం దారం లాంటిది. ఇవాళ ఒక సంఖ్యకు కట్టవచ్చు, రేపు దానిని విప్పి ఒక మాటకు కట్టవచ్చు. సి అనే పాత భాషలో ఇలా కుదరదు. అక్కడ “ఈ పేరుకు ఎప్పుడూ పూర్ణసంఖ్యే” అని మొదటే రాసిస్తాం. గుర్తు పేరుకే వుంటుంది. ఇంటి గోడ బోసిగా వుంటుంది. అది ఒక పద్ధతి, ఇది ఒక పద్ధతి.

మరి మొదటి అరలో లెక్క దేనికి? ఒక ఇంటికి ఎన్ని దారాలు కట్టి వున్నాయో అది చెబుతుంది. కొత్త దారం కడితే ఒకటి పెరుగుతుంది, విప్పితే ఒకటి తగ్గుతుంది. లెక్క సున్న అయిందంటే ఇక ఆ ఇంటిని ఎవరూ తలచుకోరు. దుబాసీ వెంటనే దానిని పడగొట్టి, ఆ స్థలం ఇంకొక ఇంటికి ఇచ్చేస్తాడు.

ఇదంతా వింటూ వుంటే నాకు మా ఊళ్ళో జరిగిన సంగతి జ్ఞాపకం వచ్చింది. మా గ్రంథాలయం లెక్కలు నేను చూస్తూ వుండేవాణ్ణి. చందాల మొత్తం వేసేందుకు పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. మొదటి చందా 40 అని కొట్టాను. రెండోది 35 అని కొట్టాను. మొత్తం 4035 అని వచ్చింది! ఆ రోజు తొందరలో వుండి, చూసుకోకుండా నోటీసు బోర్డుమీద అంటించి వెళ్ళిపోయాను. సాయంత్రానికి ఊరంతా గ్రంథాలయానికి నాలుగువేలు వచ్చాయని చెప్పుకున్నారు. బీరువా కొనమని వడ్రంగికి కబురు కూడా వెళ్ళింది. నిజంగా వచ్చింది 75 రూపాయలు. నేను తల ఎత్తుకోలేకపోయాను. యంత్రం చెడిపోయిందని అందరితో చెప్పాను.

మేనల్లుడికి ఇది చెబితే వాడు అన్నాడు: “యంత్రం చెడలేదు మామయ్యా. మీట నొక్కి ఇచ్చినదానికి దుబాసీ ‘మాట’ అనే పలక కడతాడు. ఎందుకంటే నువ్వు కొట్టింది పేరో, ఊరో, లెక్కో వాడికి తెలియదు. రెండు మాటలను కూడమంటే అతికించాడు. 40 పక్కన 35 పెడితే 4035. దీనిని సంఖ్యగా మార్చు అని నువ్వు చెప్పవలసింది.”

నేను యంత్రంమీద వేసిన నింద తప్పని అప్పుడు తెలిసింది. ఇంటికి రాగానే ఆ మాట అందరికీ చెప్పాను.

“మరి ఒకటి మాట, ఒకటి సంఖ్య అయితే?” అన్నాను.

“పైథాన్ అక్కడే ఆగిపోతుంది. ఈ రెండింటినీ కూడటం నావల్ల కాదు అని చెబుతుంది. జావాస్క్రిప్టు అనే భాష ఆగదు. సంఖ్యను కూడా మాటగా మార్చి అతికించేస్తుంది” అన్నాడు వాడు.

ఆగిపోవటం చూస్తే మనకు విసుగు వస్తుంది. కాని ఆలోచించండి. ఆ 40, 35 చందాలు కాక రోగికి ఇచ్చే మందు లెక్క అయితే? తప్పు జవాబు చెప్పటంకంటె, తెలియదని ఆగటమే మేలు గదా!

గుర్తు సరిగా లేకపోతే ఏమవుతుందో శాస్త్రజ్ఞులకు కూడా అనుభవమే. మన శరీరంలోని జన్యువులకు శాస్త్రజ్ఞులు పొట్టి పేర్లు పెట్టారు. ఒకదాని పేరు సెప్ట్ 2, ఇంకొకదాని పేరు మార్చ్ 1. వీటిని లెక్కల పట్టీ వేసే ప్రోగ్రాములో కొట్టగానే, ఆ ప్రోగ్రాము “ఇవి తేదీలు కాబోలు” అని ఊహించి, సెప్టెంబరు 2 అనీ, మార్చి 1 అనీ మార్చేసేది. పలక ఎవరూ కట్టలేదు, కనుక అది తానే కట్టేసిందన్నమాట. ఎన్నో పరిశోధన పట్టీల్లో ఇటువంటి తప్పులు దొర్లాయి. చివరకు 2020లో, పేర్లు నిర్ణయించే సంఘంవారు జన్యువుల పేర్లే మార్చేశారు. సెప్ట్ 2 కాస్తా సెప్టిన్ 2 అయింది. పలక తప్పుగా కట్టినందుకు ఇంటివాళ్ళు పేరు మార్చుకోవలసివచ్చింది!

అయితే పలకలు ఊరికే రావు. ఖర్చు వున్నది. 3.5 అనే విలువకు కావలసింది 8 బైట్లు. ఇల్లు పట్టేది 24. పది లక్షల సంఖ్యలుంటే, ఉత్తి విలువలకు 80 లక్షల బైట్లు చాలు. పలకల ఇళ్ళయితే 2 కోట్ల 40 లక్షలు కావాలి. పైగా ప్రతి కూడికకూ పలక చూడాలి, పెద్ద ఇంటికి పోవాలి. ఈ నడకకు కాలం పడుతుంది. అందుకని పెద్ద పెద్ద లెక్కలు చేసేవాళ్ళు వేరే ఉపాయం పన్నారు. కాలవ గట్టుమీద గోదాము వున్నదనుకోండి. లోపల వెయ్యి బస్తాలూ మిరియాలే. అప్పుడు బస్తాకో పలక ఎందుకు? గోదాముకు ఒకటే పలక చాలు! ఒకే జాతి సంఖ్యలను అలా ఒకచోట పేర్చి, అన్నిటికీ కలిపి ఒకటే గుర్తు పెడతారు.

ఇంకొందరు ఇంకా పొదుపు చేశారు. వీధిలో ఇళ్ళన్నిటికీ 100, 200, 300 అనే నంబర్లే వున్నాయనుకోండి. చివర రెండు సున్నలు ఎప్పుడూ వుండేవే గనక, వాటి స్థానంలో ఒక గుర్తు రాసుకోవచ్చు. 301 అంటే, 300వ ఇల్లు, 1వ జాతి. వేరే పలక అక్కరలేదు. కంప్యూటరు అంకెల్లో కూడా ఇలాగే చివర కొన్ని స్థానాలు ఖాళీగా దొరుకుతాయి.

1995లో జావాస్క్రిప్టు మొదటిసారి తయారైనప్పుడు దాని దుబాసీ ఈ ఉపాయమే వాడాడు. చివర మూడు స్థానాల్లో మూడు సున్నలు వుంటే అది “వస్తువు” అని గుర్తు. ఉపాయం మంచిదే. కాని ఆ భాషలో “ఏమీ లేదు” అని చెప్పటానికి ఒక ప్రత్యేకమైన విలువ వున్నది. దానిని నల్ అంటారు. దానికి అన్నీ సున్నలే రాశారు. అన్నీ సున్నలైతే చివర మూడూ సున్నలే గదా! అందుచేత “నువ్వు ఏ జాతి?” అని నల్‌ను అడిగితే “నేను వస్తువును” అని చెప్పసాగింది. ఏమీ లేనిది వస్తువట!

సరిదిద్దవచ్చు గదా అంటారు మీరు. సరిదిద్దుదామని కొందరు అన్నారు కూడా. కాని ఈలోగా లోకంలో లెక్కలేనన్ని ప్రోగ్రాములు ఆ తప్పును నమ్ముకుని రాసేశారు. ఇప్పుడు మారిస్తే అవి పాడవుతాయని ఆ ఆలోచన మానుకున్నారు. ఈనాటికీ ఆ భాష అదే జవాబు చెబుతున్నది. కొద్ది స్థలం మిగిల్చే ఉపాయంలో చిన్న పొరపాటు దొర్లితే, అది అలా నిలిచిపోయింది.

తిరుగురైలుకు ముందు నేను ఒంటరిగా మళ్ళీ ఆ సందులోకి వెళ్ళాను. పొద్దు వాలుతున్నది. గోడమీద పలకలు వరసగా వున్నాయి. వాటి ఇళ్ళు ఏనాడో పోయాయి. ఆ పలకలు చెక్కించినవాళ్ళు ఎంత ఖర్చు పెట్టారో గాని, దారినపోయే పరాయివాడు కూడా తప్పు తలుపు తట్టకూడదని పెట్టారు. కంప్యూటరులో 24 బైట్ల ఇల్లు కట్టేవాడి ఉద్దేశం కూడా అదే.

పిల్లలూ, మీరూ ఒక ఆట ఆడి చూడండి. నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకోండి. ఒకదానిలో 12 అని రాసిన చీటీ, ఇంకొకదానిలో 7 అని రాసిన చీటీ, మిగిలినవాటిలో “పాల”, “పిట్ట” అనే మాటల చీటీలు పెట్టండి. పెట్టెలు మూసి పైన నంబర్లు మాత్రం వెయ్యండి. మీ తమ్ముణ్ణి పిలిచి, పెట్టెలు తెరవకుండా, “1వ పెట్టెనూ 3వ పెట్టెనూ కూడాలా, అతికించాలా?” అని అడగండి. వాడు తెల్లమొహం వేస్తాడు. అప్పుడు ప్రతి పెట్టెమీదా “సంఖ్య” అనో “మాట” అనో రాసి మళ్ళీ అడగండి. ఒకటి సంఖ్య, ఒకటి మాట వచ్చినప్పుడు ఆగిపోవాలా, అతికించాలా అన్నది మీరిద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఆ నిర్ణయం కాగితంమీద రాసిపెట్టుకున్నారా, మీ సొంత దుబాసీకి మొదటి పుస్తకం తయారైనట్టే!